పేర్లు చదివి వినిపించే దుకాణం: బ్యాండ్‌క్యాంప్‌తో మూడేళ్లు

నేను ప్రూఫులు దిద్దుతాను. పందొమ్మిదేళ్లుగా అదే నా పని. విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి వెనక గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఎర్ర పెన్ను, చేతికందే దూరంలో నిఘంటువు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం రెండు దాకా లేవను. ఈ పని చేస్తూ పాటలు వినడం కుదరదు. పాటలో మాట వినబడగానే చెవి దాని వెంట పోతుంది, కంటి ముందున్న పుటలో ఒత్తు జారిపోతుంది. ఒకసారి ఒక కవితా సంపుటిలో ‘మౌనం’ అని ఉండవలసిన చోట ‘మానం’ అని అచ్చయింది. ఆ కవిగారు పెద్దమనసుతో ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి పనివేళల్లో మాటలున్న సంగీతం మా ఇంట్లో ఆగిపోయింది.

మాటల్లేని సంగీతం నాకు కొత్త కాదు. నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర చిట్టిబాబుగారి వీణ క్యాసెట్లు ఉండేవి. ‘కొమ్మలో కోయిల’ వస్తుంటే నిజంగానే పెరట్లో కోయిల బదులు పలికేది. నేను ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను, పెళ్లయ్యాక వదిలేశాను. మా తాతగారు విజయనగరంలో ‘ఫిడేలు నాయుడుగారి’ వాద్యం ఎదురుగా కూర్చుని విన్నవారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఆ ఊళ్లో అలాగే పిలిచేవారు. అయితే నా చిన్నతనంలో బాగా నాటుకున్నది వాద్యం కన్నా దాని ముందు వచ్చే ప్రకటన. ఆకాశవాణిలో కచేరీ మొదలయ్యే ముందు పేర్లు చదివేవారు. వీణ ఫలానా, మృదంగం ఫలానా, ఘటం ఫలానా. ముగిశాక మళ్లీ చదివేవారు. ఆ పేర్లు అయ్యేదాకా నాన్నగారు మమ్మల్ని కదలనిచ్చేవారు కాదు. “వాయించినవాళ్ల పేర్లు వినకుండా లేచిపోవడం భోజనం పెట్టినవాళ్లకు చెప్పకుండా వెళ్లిపోవడంలాంటిది” అనేవారు.

ఇదంతా ముందు చెప్పడానికి కారణం ఉంది. బ్యాండ్‌క్యాంప్ అనే ఆన్‌లైన్ సంగీత దుకాణం గురించి నేను చెప్పదలచుకున్నది ఈ ప్రకటన దగ్గరే మొదలవుతుంది.

మూడేళ్ల కిందట బీచ్ రోడ్డులో ఒక చిన్న కాఫీ దుకాణంలో కూర్చున్నాను. సాయంత్రం ఆరు దాటింది, దూరంగా డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది. లోపల ఒక వాద్యం మోగుతోంది. బేస్ గిటార్ తాపీగా రెండు మూడు స్వరాల మధ్యే నడుస్తోంది. దాని మీద ఇంకో గిటారు తడి గొంతుతో, పాడబోయి ఆగినట్టు, చిన్న చిన్న మాటలుగా వినిపిస్తోంది. డ్రమ్ము ఎక్కడా తొందరపడదు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కౌంటరు దగ్గరి కుర్రాడిని అడిగితే ఫోను చూసి ఏదో జాబితా పేరు చెప్పాడు. ‘పనివేళకు హాయిగా’ అనే అర్థం వచ్చే పేరు. “ఇది వాయించింది ఎవరు బాబూ?” అన్నాను. “తెలియదు మేడమ్, ఒకదాని తరువాత ఒకటి అవే వస్తాయి” అన్నాడు.

సినిమా పాటైతే పల్లవిలో రెండు మాటలు గుర్తుంటే చాలు, ఫోనులో కొడితే దొరుకుతుంది. దీనికి ఏమని కొట్టాలి? పాట మోగుతుండగా ఫోను ఎత్తి పట్టుకుంటే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయని తరువాత తెలిసింది, అప్పటికి చేతిలోంచి జారిపోయింది. మాటల్లేని సంగీతాన్ని ఇష్టపడేవారందరికీ ఉన్న చిక్కే ఇది. వెతకడానికి మనకు దారపు కొస దొరకదు. వారం రోజులు ఆ స్వరాలను కూనిరాగంగా తీస్తూ తిరిగాను. చివరికి మావాడి స్నేహితుడు, యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతూ బేస్ గిటార్ వాయించే కుర్రాడు, మా వంటింటి గడప దగ్గర నిలబడి విని, “ఆంటీ, ఇది క్రుంగ్‌బిన్ అనుకుంటాను” అన్నాడు. తన ఫోనులో బ్యాండ్‌క్యాంప్ తెరిచి ఆ బృందం పేజీ చూపించాడు. అదే బృందం.

క్రుంగ్‌బిన్ అంటే థాయ్ భాషలో విమానం. బృందం మాత్రం అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు హ్యూస్టన్ నగరానిది. లారా లీ బేస్, మార్క్ స్పియర్ గిటారు, డొనాల్డ్ జాన్సన్ డ్రమ్స్, అంతే ముగ్గురు. స్పియర్, జాన్సన్ మొదట చర్చిలో కలిసి వాయించేవారు. 1960లు, 70ల నాటి థాయ్ ఫంక్ సంగీతం విని దాని ధోరణిని తమ వాద్యంలోకి తెచ్చుకున్నారు. 2015లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ను ఒక పల్లెలోని కొట్టంలో రికార్డు చేశారు. ఆ సంగతి తెలిశాక మళ్లీ వింటే ఆ వాద్యం చుట్టూ ఉన్న ఖాళీ, గాలి, గోడల చెక్క అన్నీ వినిపించాయి. తెలియకముందు అది ‘హాయిగా’ ఉండే చప్పుడు. తెలిశాక అది ముగ్గురు మనుషుల పని.

ఇక దుకాణం సంగతి. బ్యాండ్‌క్యాంప్ 2008లో అమెరికాలో మొదలైంది. బృందాలు, చిన్న రికార్డు సంస్థలు తమ సంగీతాన్ని ఇక్కడ నేరుగా అమ్ముకుంటాయి. ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో పేజీ. ఎడమ పక్క పాటల జాబితా, కుడి పక్క ముఖచిత్రం, దిగువన బృందం రాసుకున్న నాలుగు మాటలు, ఎవరు ఏ వాద్యం, ఎక్కడ రికార్డు చేశారు, శబ్దాన్ని సరిచూసింది ఎవరు, విడుదల తేదీ. అన్నిటికన్నా కింద ట్యాగులు, అంటే ఆ సంగీతం ఏ కోవకు చెందుతుందో, ఏ ఊరిదో చెప్పే చిన్న చిన్న చీటీలు. పుస్తకం చేతికివ్వగానే ముందు ముద్రణ వివరాల పుట తిప్పి చూసే అలవాటు నాది. ఈ పేజీ నాకు ఆ పుటలాగా కనిపించింది. పాటలో మాటలు లేనప్పుడు దాని చుట్టూ ఉండే మాటలే మనకు దారి. ఈ దుకాణం ఆ మాటలను దాచి ఉంచుతుంది. రేడియో ప్రకటన మళ్లీ దొరికినట్టయింది.

ట్యాగుల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే కొత్త బృందాలు నాకు చాలావరకు అక్కడే దొరికాయి. ‘ఇన్‌స్ట్రుమెంటల్’, అంటే మాటల్లేని వాద్యం, అన్న ట్యాగు నొక్కితే సముద్రం. అందులో దిగితే తీరం కనబడదు. దాన్ని ఇంకో ట్యాగుతో కలపాలి. ‘పోస్ట్ రాక్’తో కలిపితే ఒక వీధి, ‘మ్యాథ్ రాక్’తో కలిపితే మరో వీధి, ‘జాజ్’, ‘ఫంక్’, ‘మెటల్’, ‘యాంబియంట్’ అంటూ ఒక్కొక్కటీ వేరు వేరు పేటలు. ఊరి పేరుతో కూడా వెతకవచ్చు. గ్లాస్గో అని, టోక్యో అని, బెంగళూరు అని కొట్టి ఆ ఊళ్లో ఏమి వాయిస్తున్నారో చూడవచ్చు. జగదాంబ జంక్షన్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా నడిచినట్టు నేను ఈ వీధులు తిరిగాను. ఎవరూ చేయి పట్టి లోపలికి లాగరు. నచ్చిన గుమ్మం ముందు ఆగి వినవచ్చు, చాలావాటిని డబ్బు కట్టకుండానే పూర్తిగా వినవచ్చు. ఒకే ఆల్బమ్‌ను కొన్నిసార్లు వినేశాక, ఇక కొనమని దుకాణం మర్యాదగా అడుగుతుంది.

మొదట నన్ను పట్టుకున్నది మ్యాథ్ రాక్. ఈ పేరు విని భయపడనక్కరలేదు. లెక్క తప్పని, మామూలుగా మనం అలవాటుపడిన నాలుగు దెబ్బల నడకలో ఉండని రాక్ సంగీతం. అయిదు, ఏడు, పదకొండు లెక్కల్లో నడుస్తుంది. మా వీణ మాస్టారు ఖండచాపు, మిశ్రచాపు తాళాలు నా తొడ మీద వేయించి నేర్పారు. రెండు మూడు కలిపి అయిదు, మూడు నాలుగు కలిపి ఏడు. టోక్యోకు చెందిన టో అనే నలుగురి బృందాన్ని మొదటిసారి వింటున్నప్పుడు ముప్పై ఏళ్ల తరువాత నా కుడిచేయి తనంతట తాను తాళం వేయడం మొదలుపెట్టింది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది, అది పుట మీద చుక్కలు పెట్టేసింది. 2000లో ఏర్పడిన ఈ బృందంలో గిటార్లు మెత్తగా, పొదుపుగా మోగుతాయి. నోరు తెరిచి మాట్లాడేది డ్రమ్స్. వాయించేది కషికురా తకాషి. మన కచేరీలో మిగతావాళ్లు ఆగి మృదంగానికి వదిలే తని ఆవర్తనంలో అది ఎలా మాట్లాడుతుందో విన్నవారికి ఈయన వాద్యం వెంటనే అర్థమవుతుంది. తేడా ఒక్కటే, ఇక్కడ తని ఆవర్తనం కోసం మిగతావాళ్లు ఆగరు.

అదే వీధి చివర ఇంకా గట్టిగా మోగే ఇల్లు ఒకటి ఉంది, ఎనిమల్స్ యాజ్ లీడర్స్. ఇది మెటల్. టోసిన్ అబాసి అనే గిటారిస్టు మొదలుపెట్టిన బృందం, మొదటి ఆల్బమ్ 2009లో వచ్చింది. రెండు గిటార్లు, ఒక డ్రమ్స్, బేస్ వాద్యకారుడు లేడు. అబాసి గిటారుకు ఎనిమిది తీగలు. మన వీణకు ఏడు, వాటిలో మూడు తాళానికే. ఆ ఎనిమిది తీగల మీద ఆయన బొటనవేలితో కొట్టే దెబ్బలు వింటే నాకు వాద్యం మీద గౌరవం పెరిగింది, కానీ పనివేళలో ఇది పెట్టుకోలేను. మనసు మొత్తం అడుగుతుంది. ఆదివారం బట్టలు మడతపెట్టేటప్పుడు వింటాను.

పోస్ట్ రాక్ అని పిలిచేదానిలో పడ్డాక మాత్రం చాలాకాలం బయటికి రాలేదు. గిటారు, డ్రమ్స్ ఉంటాయి కానీ రాక్ పాటకు ఉండే పల్లవి, చరణం ఉండవు. ఒక చిన్న స్వరమాలికను మెల్లగా మొదలుపెట్టి, పొర మీద పొర వేస్తూ ఏడెనిమిది నిమిషాలు పెంచుకుంటూ పోతారు. ఆలాపన నుంచి తానానికి వెళ్లే ఓపిక ఉన్నవారికి ఇది పరాయిగా అనిపించదు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1995లో మొదలైన మోగ్వాయ్ ఇందులో పెద్ద పేరు. వాళ్లు చాలా నెమ్మదిగా వాయిస్తూ ఉండి, హెచ్చరిక లేకుండా ఒక్కసారి గోడ కూలినంత పెద్దగా వాయిస్తారు. మొదటిసారి నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాను. ఇదెందుకు చేస్తారు అనుకున్నాను. తరువాత హుద్‌హుద్ తుపాను గుర్తొచ్చింది.

2014 అక్టోబరు 12. ఆ రోజు ఈ నగరంలో ఉన్నవారికి చెప్పనవసరం లేదు. పొద్దుటి నుంచి గాలి కిటికీ రెక్కలను పీకుతూనే ఉంది. ఒక దశలో తుపాను కన్ను మా మీదకు వచ్చింది. గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని వీధిలో జనం బయటికి వచ్చారు. నాన్నగారు పోర్టులో పనిచేసిన మనిషి కాబట్టి, “లోపలికి రండి, ఇంకా సగం ఉంది” అని కేకలు వేశారు. తరువాత గాలి రెండో వైపు నుంచి వచ్చింది. ఆ మధ్యలో ఉన్న నిశ్శబ్దం శరీరానికి గుర్తుండిపోయింది. మోగ్వాయ్ వాద్యంలో నెమ్మదిగా ఉన్న భాగం అలాంటి నిశ్శబ్దం. తరువాతి హోరు తెలిసినవాళ్లు మాత్రమే దాన్ని అంత నెమ్మదిగా వాయించగలరు. ఇది అర్థమయ్యాక మళ్లీ హెడ్‌ఫోన్ తియ్యలేదు. ఈ బృందం 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఎక్కువగా మాటల్లేకుండా వాయించే బృందం పాతికేళ్ల తరువాత అక్కడికి చేరడం నాకెంతో సంతోషం కలిగించింది.

ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ది స్కై అనే టెక్సస్ బృందాన్ని అరకు రైల్లో విన్నాను. దాని గురించి చెప్పకుండా ఉండలేను. కొనడం ఎందుకు, ఊరికే వింటే చాలదా అని అడిగేవారికి నా జవాబు ఈ ప్రయాణమే. పొద్దున బయలుదేరే రైలు శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. ఒకదాని వెంట ఒకటి సొరంగాలు. ఫోనుకు సిగ్నలు ఉండదు. ఎదుటి సీట్లోని వాళ్ల పాట మొదటి సొరంగంలోనే ఆగిపోయింది. నేను 2003లో వచ్చిన ఆ బృందం ఆల్బమ్ కొని ఫోనులో దింపుకున్నాను. అయిదే ముక్కలు, ముప్పావు గంట. శివలింగపురం దాటాక మొదలుపెట్టాను. సొరంగంలో చీకటి, ఒక్క గిటారు. బయటికి రాగానే లోయ, ఎండ, అప్పుడే మిగతా రెండు గిటార్లు కలిశాయి. అది యాదృచ్ఛికమే, కానీ మళ్లీ రెండు సొరంగాల తరువాత డ్రమ్స్ అలాగే వచ్చాయి. బొర్రా గుహల స్టేషనులో రైలు ఆగేసరికి చివరి ముక్క నడుస్తోంది. పల్లీలు అమ్మే ఆవిడ కిటికీ దగ్గరకు వచ్చి ఏదో అడిగింది, నేను జవాబు చెప్పలేకపోయాను. కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడే, “ఏమైందమ్మా?” అంది. పల్లీలు కొన్నాను.

కొన్న సంగీతం మనదే. ఎంపీత్రీగా దింపుకోవచ్చు, శబ్దంలో ఏమీ కోల్పోని ఫ్లాక్ రూపంలోనూ దింపుకోవచ్చు. ముప్పావు గంట ఆల్బమ్ మంచి ఎంపీత్రీలో సుమారు 100 మెగాబైట్లు, ఫ్లాక్‌లో దానికి రెండు మూడు రెట్లు. నేను రెండూ దింపి ఒక హార్డ్ డిస్కులో పెట్టుకుంటాను. ఈ జాగ్రత్తకు కారణం నాన్నగారి క్యాసెట్లు. సముద్రపు ఉప్పుగాలికి, తేమకు వాటిలో సగానికి బూజు పట్టింది. ఒక కచేరీ అయితే మరెక్కడా దొరకలేదు.

డబ్బు కట్టడం గురించి. ఇక్కడ యూపీఐ పనిచేయదు. డాలర్లలోనో పౌండ్లలోనో ధర ఉంటుంది, కార్డుతో గానీ పేపాల్‌తో గానీ కట్టాలి. నేను కొన్నవి ఎక్కువగా ఏడు నుంచి పది డాలర్ల మధ్యవి. కొన్నిటికి కనీస ధర పెట్టి ఆ పైన మన ఇష్టం అంటారు. మొదటిసారి నా కార్డు మూడుసార్లు తిరస్కరించబడింది. నా బ్యాంకు శాఖకు వెళ్తే ఇద్దరు ఉద్యోగులు రెండు కారణాలు చెప్పారు, రెండూ కావు. 2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశం బయటి చెల్లింపులకు మూసి ఉంటాయి. మనమే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. కొని, మళ్లీ మూసేయడం మంచిది. అయిదు నిమిషాల పనికి నాకు రెండు రోజులు పట్టింది, మీకు పట్టకూడదని రాస్తున్నాను.

ఇచ్చిన డబ్బు ఎక్కడికి పోతుంది? డిజిటల్ అమ్మకంలో సంస్థ వాటా 15 శాతం, రికార్డులు, చొక్కాలలాంటి వస్తువుల మీద 10 శాతం, చెల్లింపు రుసుములు వేరు. సగటున 82 శాతం కళాకారులకు, వారి రికార్డు సంస్థలకు చేరుతుందని వాళ్లు చెబుతారు. కరోనా కాలంలో కచేరీలు ఆగిపోయినప్పుడు, 2020 మార్చిలో, ఒక శుక్రవారం తమ వాటా పూర్తిగా వదులుకున్నారు. ఆ తరువాత కొన్ని నెలల్లో మొదటి శుక్రవారం అలా చేస్తూ వస్తున్నారు. అన్ని నెలల్లోనూ ఉండదు, తేదీలు ముందుగా ప్రకటిస్తారు. నేను కొనడం అంతా ఆ శుక్రవారాల్లోనే.

ఈ దుకాణం మీద నాకున్న ఆందోళన కూడా చెప్పాలి. 2022లో ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేముల సంస్థ దీన్ని కొన్నది. 2023లో సాంగ్‌ట్రేడర్ అనే సంస్థకు అమ్మింది, ఆ మార్పిడిలో ఉద్యోగుల్లో సుమారు సగం మంది బయటికి వెళ్లవలసి వచ్చింది. నేను చేరింది సరిగ్గా ఆ ఏడే. చేతులు మారే దుకాణం రేపు ఎలా ఉంటుందో అన్న దిగులుతోనే ప్రతి ఆల్బమూ దింపి దాచుకుంటున్నాను. అయితే 2026 జనవరిలో, కృత్రిమ మేధ (ఏఐ) పూర్తిగా గానీ ఎక్కువ భాగం గానీ తయారుచేసిన సంగీతాన్ని అనుమతించబోమని వీళ్లు ప్రకటించారు. మాటల్లేని సంగీతం వినేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. గొంతు లేని చోట మనిషి లేకపోయినా త్వరగా తెలియదు. పేరడిగితే చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

లోపాలు లేవని కాదు. తెలుగులో ఈ దుకాణం లేదు, ఇంగ్లీషు చదవగలిగితేనే పేజీలోని మాటల రుచి అందుతుంది. వివరాలు రాయడం బృందాల ఇష్టం, కొందరు పేజీలను ఖాళీగా వదిలేస్తారు. ట్యాగులు ఎవరికి తోచినట్టు వారు పెట్టుకుంటారు, ఒకే కోవకు మూడు రకాల స్పెల్లింగులు కనబడతాయి. నాలాంటిదాన్ని అవి ఊరుకోనివ్వవు. సినిమా పాటల కోసం వచ్చేవారికి ఇది చోటు కాదు.

జాజ్ వైపు త్వరగా చెప్పేస్తాను, అది మావాడి పేట. మాంచెస్టర్‌కు చెందిన గోగో పెంగ్విన్ అంటే వాడికి ప్రాణం. పియానో, బేస్, డ్రమ్స్, ముగ్గురే. కంప్యూటర్ మీద చేసే నృత్య సంగీతపు లయను చేతులతో వాయిస్తారు. 2014లో బ్రిటన్‌లో ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు ఎంపికయ్యారు. నాకు ఎక్కువ నచ్చింది స్నార్కీ పప్పీ. టెక్సస్‌లోని డెంటన్‌లో విద్యార్థులుగా మొదలైన పెద్ద బృందం, నడిపేది మైకేల్ లీగ్. 2014 నాటి వాళ్ల ఆల్బమ్‌ను నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో శ్రోతలను తమ మధ్యనే కూర్చోబెట్టుకుని, అందరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చి రికార్డు చేశారు. మృదంగం పక్కనే చాప మీద కూర్చుని విన్న మా తాతగారి తరానికి ఆ ఏర్పాటు ఎంత నచ్చేదో.

ఇంకో దారి ఉంది, దాన్ని కనుక్కోవడానికి నాకు ఏడాది పట్టింది. ప్రతి ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవారి చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి నొక్కితే ఆ మనిషి కొన్న ఆల్బమ్‌లన్నీ అలమారలాగా తెరుచుకుంటాయి. కొందరు ఏ ముక్క ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాస్తారు. టో ఆల్బమ్ కొన్న ఎవరో ఒకరి అలమారలో నాకు తెలియని పేరు కనిపించింది, హెర్మానోస్ గుటియెరెజ్. ఆ మనిషి ఎవరో, ఏ దేశమో నాకు తెలియదు. మా వీధి చివరి అద్దె పుస్తకాల దుకాణంలో ఇతరులు తిరిగి ఇచ్చిన పుస్తకాల దొంతర చూసి నేను చదవడం నేర్చుకున్నాను. ఇదీ అలాంటిదే.

ఆ ఆల్బమ్‌ను ఒక సాయంత్రం హెడ్‌ఫోన్ లేకుండా వరండాలో పెట్టాను. నాన్నగారికి 81 ఏళ్లు, ఈ మధ్య సంగీతం మీద ఆసక్తి తగ్గించుకున్నారు. రెండు గిటార్లు, అందులో ఒకటి ఒడిలో పడుకోబెట్టి లోహపు కడ్డీతో జార్చి వాయించేది. స్వరం నుంచి స్వరానికి జారుడు వినగానే ఆయన వార్తాపత్రిక దించారు.

“వీణ ఎవరమ్మా?”

“వీణ కాదు నాన్నగారూ, గిటారు.”

“జారు గమకం వేస్తున్నాడు. ఎవరు?”

పేజీ తెరిచి చదివాను. ఎస్తెవాన్, అలెహాండ్రో, ఇద్దరూ అన్నదమ్ములు. తల్లిది ఈక్వడార్, తండ్రిది స్విట్జర్లండ్, ఉండేది జ్యూరిక్. ఆల్బమ్ 2022లో వచ్చింది, దగ్గరుండి చేయించింది డాన్ ఆయర్‌బాక్. రేడియోలో చదివినట్టే ఒక్కో పేరూ ఆగి ఆగి చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తరువాత పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. పసివాడు విద్యుత్ మాండలిన్ మీద కీర్తన వాయిస్తే అది శాస్త్రీయమా కాదా అని పెద్దలు వాదించుకున్నారని, తరువాత అదే మాండలిన్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌ల పక్కన మోగిందని. చాలా రోజుల తరువాత ఆయన అంతసేపు మాట్లాడారు. చీకటి పడ్డాక, “పేర్లు ఇంకోసారి చదువు” అన్నారు.

మొదలుపెట్టాలనుకునేవారు క్రుంగ్‌బిన్‌తో మొదలుపెట్టండి, ఎవరినీ బెదరగొట్టదు. తాళం మీద పట్టు ఉంటే నేరుగా టో దగ్గరికి వెళ్లండి. మోగ్వాయ్‌ను మొదట తక్కువ శబ్దంలో పెట్టుకోండి, పక్కింటివాళ్ల కోసం కాదు, మీ చెవుల కోసం. అరకు వెళ్లేటట్టయితే ముందురోజు రాత్రే ఆల్బమ్ దింపుకోండి.

నా కోరికల జాబితాలో ఇప్పుడు పదకొండు ఆల్బమ్‌లు ఉన్నాయి. రాబోయే శుక్రవారానికి నాలుగింటికి మించి కొనకూడదని లెక్క వేసుకున్నాను. ఆ అన్నదమ్ముల మరో ఆల్బమ్ ఏదైనా ఉందా అని నాన్నగారు రెండుసార్లు అడిగారు. ముందు అది కొంటాను.